బస్తీల కేసులు చూసే లాయరు కార్పొరేటర్‌గా నిలబడాలా? నిలబడితే ఏం చేయగలరు, ఏం వదులుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా బస్తీల కూల్చివేత కేసులు చూస్తున్న లాయరు. ఫీజు ఇచ్చుకోలేని వాళ్లకే ఎక్కువగా పనిచేశారు, ధర్నాల్లోనూ కూర్చున్నారు. ఇప్పుడు బస్తీ వాళ్లే "సార్, ఈసారి కార్పొరేటర్‌గా మీరే నిలబడాలి" అని పట్టుబడుతున్నారు. కోర్టులో ఉండటం మేలా, కార్పొరేషన్‌లోకి వెళ్లడం మేలా, వెళ్తే ప్రాక్టీసు ఏమవుతుంది అని అడిగారు.

నేరుగా చెప్తాను. నిలబడండి. కానీ గెలిస్తే కూల్చివేతలు ఆపేయగలను అనుకుని నిలబడొద్దు. కార్పొరేటర్‌కి జేసీబీని ఆపే అధికారం లేదు. ఆయనకి ఉన్నదల్లా కాగితం తయారయ్యే చోట కూర్చునే హక్కు. మనం కోర్టులో ఎంత గొంతు చించుకున్నా చివరికి వాదించేది ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన కాగితం మీదే కదా, సర్వే రిపోర్టో, లబ్ధిదారుల లిస్టో, కౌన్సిల్ తీర్మానమో. అది రాసేటప్పుడు గదిలో ఉండటం కోసం వెళ్తే ఐదేళ్లు వృథా కావు. రెండో మాట, కార్పొరేషన్‌కి వ్యతిరేకంగా ఉన్న కేసులన్నీ మీరు వదులుకోవాలి. అవి ఎవరికి అప్పగిస్తారో నామినేషన్ వేసే ముందే తేలాలి. తేలకపోతే ఈసారికి ఆగండి.

నేను ఇళ్ల కేసులు చూస్తూనే శివారు మున్సిపాలిటీ ఒకదానిలో ఒక టర్మ్ కౌన్సిలర్‌గా చేసి, మళ్లీ కోర్టుకి తిరిగొచ్చినవాణ్ణి. ఊరి పేరు రాయను, ఇక్కడ అది అవసరం కూడా లేదు. కింద రాసేదంతా ఆ రెండు వైపులా చూసిన అనుభవంతోనే.

అసలు కోర్టు ఎందుకు చాలదు?

మనందరం పిటిషన్‌లో మొదట ఉదహరించేది 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పే. జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమని ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది, నిజమే. కానీ ఆ తీర్పు చివరిదాకా చదివిన వాళ్లకి తెలుసు, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీది వాళ్లని ఖాళీ చేయించొద్దని కోర్టు చెప్పలేదు. వానాకాలం వెళ్లేదాకా, అంటే ఆ ఏడాది అక్టోబరు 31 వరకు ఆగమంది. 1976 జనగణనలో కార్డులు వచ్చిన వాళ్లకి మాత్రం వేరే స్థలం ఇవ్వాలంది. అంటే తొమ్మిదేళ్ల కిందట మున్సిపాలిటీ మనిషి వచ్చి ఎవరి గుడిసె ముందు నిలబడి పేరు రాసుకున్నాడో వాళ్లకి స్థలం, ఆ రోజు కూలికి పోయి ఇంట్లో లేనివాళ్లకి ఏమీ లేదు. ఆ ఇంటింటి లెక్క మీద ఎంతమంది బతుకులు ఆధారపడ్డాయో ఆలోచించండి. దాన్ని తయారుచేసింది కోర్టు కాదు.

ఢిల్లీ కేసూ అంతే. శకూర్ బస్తీని 2015 డిసెంబరు చలిలో రైల్వే వాళ్లు కూల్చారు. అజయ్ మాకెన్ వేసిన కేసులో 2019 మార్చిలో ఢిల్లీ హైకోర్టు చాలా గట్టి తీర్పు ఇచ్చింది, ముందు సర్వే చేయాలి, బస్తీ వాళ్లతో మాట్లాడాలి, పునరావాసం సంగతి తేల్చాలి, ఆ తర్వాతే ఖాళీ చేయించే మాట ఎత్తాలి అని. అంత గట్టిగా ఎలా చెప్పగలిగింది? ఢిల్లీకి బస్తీల పునరావాసం మీద 2010 నుంచి ఒక చట్టం ఉంది, 2015 నాటి విధానపత్రం ఉంది. అవి ఉన్నాయి కాబట్టి "మీరు రాసుకున్నదే మీరు పాటించండి" అని జడ్జి అనగలిగారు. అవి లేని ఊళ్లో అదే వాదన చేస్తే మనకి దొరికేది స్టేటస్ కో, అంటే ప్రస్తుతానికి ఉన్నది ఉన్నట్టు ఉంచమనే ఉత్తర్వు, నాలుగు వారాల వాయిదా.

2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు ఆదేశాలు మీకు కొట్టినపిండే అయి ఉంటాయి. 15 రోజుల నోటీసు, రిజిస్టర్డ్ పోస్టులో పంపడం, గోడకి అంటించడం, స్వయంగా విన్నవించుకునే అవకాశం, కారణాలు రాసిన ఉత్తర్వు, ఆ తర్వాత మరో 15 రోజులు, కూల్చేటప్పుడు వీడియో. వినడానికి బాగుంది. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు వంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకి ఈ ఆదేశాలు వర్తించవని అందులోనే ఉంది. మన పేద బస్తీలు ఎక్కువగా ఉన్నది సరిగ్గా ఆ చోట్లలోనే. మూసీ పక్క మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద 2024 సెప్టెంబరులో ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే నది పరిధిలోని ఇళ్లని, గుర్తులు వేసినప్పుడు మీరూ అక్కడికి వెళ్లే ఉంటారు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఎదురొచ్చిన ప్రతి తెల్లచొక్కా మనిషికీ చూపించే ఆడవాళ్లు గుర్తున్నారా? ఆ కాగితాల్లో ఏదీ స్థలం మీద హక్కు ఇవ్వదు. కానీ ఎన్నేళ్లుగా అక్కడ ఉంటున్నారో చెప్పే సాక్ష్యం అదొక్కటే. 2014 డిసెంబరులో జీవో 58 వచ్చినప్పుడు అభ్యంతరం లేని ప్రభుత్వ భూముల్లో 125 గజాల దాకా పేదలకి ఉచితంగా క్రమబద్ధీకరించారు కదా, అప్పుడు కూడా అడిగింది ఈ రసీదులే. ఉన్నవాళ్లు పట్టా తెచ్చుకున్నారు. అదే గల్లీలో పక్కింట్లో ఉంటూ ఇంటి నంబరు వేయించుకోనివాళ్లు మిగిలిపోయారు.

కౌన్సిలర్ పని మొదలయ్యేది ఇక్కడే. ఇంటి నంబరు వేయించడం, పన్ను డిమాండ్ తెరిపించడం, నల్లా కనెక్షన్ ఇప్పించడం చూడటానికి చిల్లర పనుల్లా ఉంటాయి, పెద్ద కేసులు వాదించిన లాయరుకి మొదట్లో విసుగు కూడా వస్తుంది. కానీ పదేళ్ల తర్వాత వచ్చే రిట్ పిటిషన్‌కి జతపరిచే పత్రాలన్నీ ఈ పనుల్లోంచే పుడతాయి. నేను టర్మ్‌లో చేసిన వాటిలో ఇప్పటికీ పనికొస్తున్నవి ఇవే.

కార్పొరేటర్‌కి నిజంగా ఉన్న అధికారం

జీహెచ్ఎంసీ చట్టం 1955 నాటిది. అందులో కార్పొరేషన్ అంటే కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్, ముగ్గురూ వేర్వేరు. అమలు చేసే అధికారం కమిషనర్‌ది. సెక్షన్ 452 కింద నోటీసు ఇచ్చేదీ, సెక్షన్ 636 కింద తుది ఉత్తర్వు ఇచ్చేదీ ఆయన, ఆయన పేరు మీద టౌన్ ప్లానింగ్ అధికారులు. మేయర్ కూడా ఆ ఉత్తర్వు రద్దు చేయలేరు. దాని మీద హైడ్రా, అంటే చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే సంస్థ, వచ్చింది, 2024 జూలైలో జీవో 99తో. తర్వాత అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చి చట్టంలో 374-బీ చేర్చి, కార్పొరేషన్ అధికారాలను వేరే సంస్థకి అప్పగించే వీలు కల్పించారు. ఇదంతా జరిగింది సెక్రటేరియట్‌లో, కౌన్సిల్ హాలులో కాదు. పోతే ప్రభుత్వ భూమి అయితే రెవెన్యూ వాళ్లది, 1905 నాటి ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు నోటీసు ఇస్తారు, అక్కడ కార్పొరేటర్ మాట అసలు లెక్కలోకే రాదు. ఇది బస్తీ వాళ్లకి ఇప్పుడే చెప్పండి. "సార్ గెలిస్తే మన ఇళ్లు ఎవడూ ముట్టుకోడు" అనే మాట ప్రచారంలో ఒక్కసారి పాకితే తర్వాత వెనక్కి తీసుకోలేరు. మొదటి జేసీబీ వచ్చిన రోజే మీ మీద నమ్మకం పోతుంది, మీతో పాటు కోర్టు మీద కూడా పోతుంది.

మరి ఏముంది? ఎజెండా ఉంది.

నా అనుభవంలోది ఒకటి చెప్తాను. మా కౌన్సిల్ సమావేశానికి ఎజెండా మూడు రోజుల ముందు ఇంటికి పంపేవాళ్లు. అసలు విషయాలు మాత్రం అందులో ఉండేవి కావు, సమావేశం రోజు పొద్దున టేబుల్ ఐటెం పేరుతో విడి కాగితాలు పంచేవాళ్లు. ఒకసారి అలా వచ్చిన కాగితంలో వరసగా కల్వర్టు మరమ్మతు, వీధి దీపాల బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల సబ్బులు, వాటి మధ్యలో ఒక సర్వే నంబరు, "ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలాన్ని పార్కింగ్ అవసరాల నిమిత్తం ప్రతిపాదించుటకు" అని ఒకే ఒక్క వాక్యం. ఆ సర్వే నంబరు నాకు నోటికి వచ్చు, ఎందుకంటే అంతకుముందు అక్కడి వాళ్ల కేసు చూసింది నేనే. నలభై ఇళ్ల దాకా ఉన్నాయి అందులో, ఒక మసీదు, ఒక అంగన్‌వాడీ కూడా. కాగితంలో మాత్రం ఖాళీ స్థలం. పక్కనున్న కౌన్సిలర్లు అప్పటికే "ఆమోదం, ఆమోదం" అంటూ బల్లలు చరుస్తున్నారు. నేను లేచి అక్కడ నివాసాలు ఉన్నాయని, స్థల పరిశీలన నివేదిక లేకుండా ఆమోదించడం కుదరదని, నా అసమ్మతిని మినిట్స్‌లో రాయమని అడిగాను. రాయనన్నారు. చేత్తో రాసి రెండు కాపీలు అక్కడే ఇచ్చి, ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్నాను.

తీర్మానం అయినా పాసయింది. కానీ ఆ ముద్ర పడిన కాగితం తర్వాత కోర్టులో వేరే లాయరు చేతికి వచ్చినప్పుడు "నివాసాలున్న సంగతి కౌన్సిల్‌కి ఆ రోజే తెలుసు" అని నిలబడి చెప్పగలిగారు. స్థలం ఖాళీ అని రాసిన అధికారి మళ్లీ సర్వే చేయాల్సి వచ్చింది. ఆ ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నేను లాయరుగానే ఉండి ఉంటే ఆ తీర్మానం సంగతి నాకు శుక్రవారం సాయంత్రం ఎవరో ఏడుస్తూ ఫోన్ చేసినప్పుడు తెలిసేది. శుక్రవారమే ఎందుకంటున్నానో మీకు తెలుసు. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్ కేసులో ఆదివారం కూల్చివేత మీద హైకోర్టు హైడ్రా కమిషనర్‌నీ తహసీల్దారునీ నిలదీసింది కూడా సెలవు రోజుల్లో ఎందుకు కూలుస్తున్నారనే. హౌస్ మోషన్, అంటే సెలవు రోజు జడ్జి ఇంటి దగ్గర అత్యవసర పిటిషన్, వేసేలోగా గోడ పడిపోతుంది. నెల ముందు తెలియడానికీ ఆ పూట తెలియడానికీ మధ్య ఒక బస్తీ మొత్తం ఉంటుంది.

ఇలా వెళ్లిన వాళ్లు బయట ఎవరైనా ఉన్నారా అన్నారు

ఉన్నారు. నేను దగ్గరగా గమనిస్తూ వచ్చింది శాన్‌ఫ్రాన్సిస్కోలో డీన్ ప్రెస్టన్‌ని. సరిగ్గా మీలాంటి దారే. టెండర్‌లాయిన్ అనే పేదల పేటలో అద్దెదారుల తరఫున కేసులు వాదించిన లాయరు, 2008లో టెనెంట్స్ టుగెదర్ అనే అద్దెదారుల సంస్థ పెట్టారు. 2016లో నగర బోర్డుకి పోటీచేసి, తర్వాత మేయర్ అయిన లండన్ బ్రీడ్ చేతిలో కొద్దిలో ఓడిపోయారు. ఓడాక ఏం చేశారో చూడండి, అదే అసలు విషయం. ఇల్లు ఖాళీ చేయమని కేసు ఎదుర్కొనే ప్రతి అద్దెదారుకీ నగరమే లాయర్ని ఇవ్వాలనే చట్టాన్ని తానే రాసి, సంతకాలు సేకరించి ఓటర్ల ముందు పెట్టించారు. 2018 జూన్‌లో జనం దాన్ని గెలిపించారు. అంటే పదవి లేకుండానే పెద్ద పని చేశారు. 2019 నవంబరులో 200 కంటే తక్కువ ఓట్ల తేడాతో గెలిచారు, 2020లో మళ్లీ గెలిచారు. కోటి డాలర్లు దాటిన ఆస్తుల అమ్మకాల మీద పన్ను రెట్టింపు చేసే ప్రతిపాదన తెచ్చారు, అదీ ఓటర్లు ఆమోదించారు. కరోనా కాలంలో ఇళ్లు ఖాళీ చేయించకుండా నగర స్థాయిలో రక్షణలు తెచ్చారు. ఖాళీగా పెట్టిన ఫ్లాట్ల మీద పన్ను 2022లో ఓటర్లతో గెలిపిస్తే 2024లో కోర్టు కొట్టేసింది. అదే ఏడాది నవంబరులో బిలాల్ మహమూద్ చేతిలో ఓడిపోయారు.

ఎందుకు ఓడారనేదానికి అక్కడ చాలా కారణాలు చెప్తారు. మీకు పనికొచ్చేది ఒకటుంది. 2021 అక్టోబరులో స్టీవెన్సన్ వీధిలో ఒక పార్కింగ్ స్థలంలో 495 ఫ్లాట్లు కట్టే ప్రాజెక్టును బోర్డు 8-3తో ఆపింది, ఆపిన ఎనిమిది మందిలో ఆయనా ఉన్నారు. పక్కనున్న పేదలు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు దాని వల్ల చెదిరిపోతారన్నది వాళ్ల వాదన, దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ "ఈయన ఇళ్లు కట్టనివ్వడు" అనే ముద్ర ఆ తర్వాత పోలేదు. లాయరుగా మనకి అలవాటైంది ఆపడం. స్టే తెస్తే గెలిచినట్టు. ప్రజాప్రతినిధిగా కూర్చున్నాక మాత్రం "సరే, ఇక్కడ వద్దు, మరెక్కడ కట్టాలి? డబ్బు ఎక్కడిది?" అని అడుగుతారు, అడగడం న్యాయం కూడా. దానికి జవాబు లేకుండా వెళ్లకండి. మీ వార్డు చుట్టుపక్కల ఏ ప్రభుత్వ స్థలం ఖాళీగా ఉంది, బస్తీ ఉన్నచోటే కట్టడానికి ఎంత స్థలం చాలుతుంది, ఈ లెక్క మీ దగ్గర ఉండాలి. ప్రభుత్వం పేదలకి కట్టిచ్చిన డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసేసి అక్కడే కట్టి అక్కడి వాళ్లకే ఇచ్చారు. ఊరి శివార్లలోని కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు కట్టారు, ఇళ్లు బాగానే ఉన్నాయి, కానీ చాదర్‌ఘాట్‌లో ఇళ్లలో పనిచేసుకునే ఆమెకి కొల్లూరు ఇల్లు ఇస్తే పని పోతుంది. ఈ రెండు ఉదాహరణలూ చేతిలో పెట్టుకుని మాట్లాడండి, అధికారులు వింటారు.

ఒక తేడా మాత్రం మరిచిపోవద్దు. శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డులో ఉండేది 11 మందే, వాళ్లు నగరానికి చట్టాలు చేయగలరు. మన కౌన్సిల్‌లో 2020లో గెలిచింది 150 మంది, వాళ్లలో ఎవరూ చట్టం చేయలేరు. మన ఊళ్లో అద్దె చట్టమైనా, భూమి చట్టమైనా అసెంబ్లీదే. కాబట్టి ప్రెస్టన్ చేసిన పనులు మీరు చేయగలరని జనానికి మాటివ్వకండి.

లిస్టు అనే ప్రమాదం

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇది. ఇళ్ల లబ్ధిదారుల లిస్టు. లాయరుగా మీకు బస్తీలో అందరూ ఒకటే, 60 కుటుంబాలూ ఒకే పిటిషన్‌లో ఉంటాయి. 40 ఇళ్లు మంజూరైన రోజు మొదటిసారి ఆ 60 మంది ఒకరికొకరు పోటీ అవుతారు. కౌన్సిలర్ ఇంటి ముందు తెల్లవారకముందే మనుషులు. బియ్యం కార్డు జిరాక్సు, ఆధార్ జిరాక్సు, మీ కేసులో జైలుకి పోయొచ్చిన కార్యకర్త బావమరిది, అందరూ వస్తారు. చట్టప్రకారం ఎంపిక అధికారులదే. కానీ పేర్లు కౌన్సిలర్ చూసి చెప్పాలనే అలవాటు గట్టిగా ఉంది.

నేను ఒకే పద్ధతి పెట్టుకున్నాను. ముసాయిదా లిస్టు చేతికి రాగానే కమ్యూనిటీ హాలు బయటి గోడకి అంటించేవాణ్ణి, పక్కనే అభ్యంతరాలు రాయడానికి తాడుతో కట్టిన నోటుబుక్కు, పెన్ను. రాత్రి పనుల నుంచి వచ్చినవాళ్లు ఫోన్ లైటు వేసుకుని వేలు పెట్టి ఒక్కో పేరూ చదివేవాళ్లు. చదువు రాని ముసలమ్మలకి పిల్లలు చదివి చెప్పేవాళ్లు. "ఈయనకి బోడుప్పల్‌లో ఇల్లుంది", "ఈ పేరు గల మనిషి మన బస్తీలోనే లేదు" అని రాసేవాళ్లు. అలా రాసినవి విచారణకి పంపితే లిస్టులోంచి పోయిన పేర్లలో నా గెలుపుకి పనిచేసినవాళ్ల పేర్లూ ఉన్నాయి. వాళ్లు నాతో మాట్లాడటం మానేశారు, రెండోసారి టికెట్టు రాకపోవడానికి అదీ ఒక కారణం. అయినా ఇప్పుడు అడిగినా అదే పద్ధతి చెప్తాను. లిస్టు మీ జేబులో ఉన్నంతకాలం మీరు ఇళ్ల హక్కుల మనిషి కారు, ఇళ్లు పంచిపెట్టే మనిషి. బస్తీ మిమ్మల్ని చూసే చూపు మారిపోతుంది.

ప్రాక్టీసు సంగతి

కౌన్సిలర్ అయినంత మాత్రాన సనదు, అంటే లాయరు లైసెన్సు, వదులుకోనక్కర్లేదు. లాయర్లు జీతం ఉద్యోగం చేయకూడదనే బార్ కౌన్సిల్ నియమం ప్రజాప్రతినిధులకి వర్తించదని, ఎంపీలూ ఎమ్మెల్యేలూ ప్రాక్టీసు చేసుకోవచ్చని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కౌన్సిలర్‌కి వచ్చే గౌరవ వేతనం మీద ఎలాగూ ఇల్లు గడవదు, కాబట్టి ప్రాక్టీసు ఉండాల్సిందే.

కానీ కార్పొరేషన్‌కి అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ కేసు పట్టొద్దు. మన మున్సిపల్ చట్టాల్లో పాత మద్రాసు చట్టం నాటి నుంచీ వస్తున్న అనర్హత ఒకటుంది, కౌన్సిల్ తరఫున ఫీజు తీసుకునే లాయరూ, కౌన్సిల్‌కి వ్యతిరేకంగా కేసు ఒప్పుకునే లాయరూ సభ్యుడిగా ఉండకూడదని. మీ నగరానికి వర్తించే చట్టంలో అనర్హతల సెక్షన్ మాట ఎలా ఉందో సవరణలతో సహా నామినేషన్‌కి ముందే చదవండి. అక్కడ అంత స్పష్టంగా లేకపోయినా మీ అంతట మీరే మానుకోండి. కౌన్సిల్లో కూర్చుని తెలుసుకున్న విషయంతో కోర్టులో అదే సంస్థ మీద వాదిస్తే ప్రత్యర్థి లాయరు మొదటి నిమిషంలోనే లేచి అభ్యంతరం పెడతాడు, నష్టపోయేది మీ క్లయింటు.

ఫైళ్ల అప్పగింత మర్యాదగా చేయండి. ప్రతి కేసుకీ వకాల్తా మార్పు, క్లయింటు సంతకం, తర్వాతి వాయిదా తేదీ రాసిన చీటీ. జూనియర్‌కి ఇస్తే ఆ జూనియర్ మీ ఆఫీసులో కూర్చోకూడదు. ఒరిజినల్ కాగితాలు మీ బీరువాలో ఉంటే అన్నీ తిరిగి ఇచ్చేసి రసీదు తీసుకోండి, ఎన్నికల వేడిలో "మా నోటరీ కాగితాలు ఆయన దగ్గరే ఉన్నాయి, ఓటు వేయకపోతే ఇవ్వడట" అనే పుకారు పుట్టడానికి ఒక్క పూట చాలు. క్లయింట్ల ఫోన్ నంబర్లు ప్రచారానికి వాడొద్దు. ఫలానా కేసు గెలిపించిన అడ్వకేట్ అని కరపత్రం వేయించొద్దు, లాయర్ల ప్రకటనల మీద బార్ కౌన్సిల్ నిషేధం ఉంది, ఎవరైనా ఫిర్యాదు పెడితే తిరగలేక చస్తారు.

ధర్నాల్లో మీ మీద పెట్టిన కేసులుంటే అఫిడవిట్‌లో ఒక్కటీ వదలకుండా రాయండి. చార్జిషీటు పడిందో లేదో తెలియని పాత ఎఫ్ఐఆర్‌లు ఉంటాయి, స్టేషన్‌లో, కోర్టు వెబ్‌సైట్‌లో వెతికించండి. దాచారనే మాట రాకూడదు.

పార్టీయా, ఇండిపెండెంటా?

దీని మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పెద్ద నగరంలో ఇండిపెండెంటుగా గెలవడం బహు కష్టం. 2020లో జీహెచ్ఎంసీలో పోలింగే 46 శాతం చిల్లర, ఆ ఓట్లను బూత్ దాకా తెచ్చే మనుషులు పార్టీలకే ఉంటారు. పార్టీలోకి వెళ్తే మాత్రం మేయర్, డిప్యూటీ మేయర్ ఎన్నికలో విప్, అంటే ఎవరికి ఓటు వేయాలో పార్టీ ఆదేశం, ఉంటుంది, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. టేబుల్ ఐటెం మీద అసమ్మతి రాసినందుకు చట్టప్రకారం ఎవరూ మీ సీటు తీసేయలేరు, కోపాలు వస్తాయంతే. టికెట్టు ఇచ్చే నాయకుడితో ముందే ఒక మాట అనుకోండి: పునరావాసం తేలకుండా బస్తీ ఖాళీ చేయించే తీర్మానానికి నేను చెయ్యెత్తను అని. ఒప్పుకోకపోతే ఆ పార్టీ వద్దు.

ఇంకొకటి, బస్తీ కమిటీని పార్టీ కమిటీగా మార్చొద్దు. అందులో మీకు ఓటు వేయనివాళ్లూ ఉంటారు, ఉండాలి. మీరు గెలిచిన రోజే కమిటీ బాధ్యతల నుంచి తప్పుకుని, మిమ్మల్ని నిలదీయగల మనిషిని, వీలైతే ఒక ఆడమనిషిని, అధ్యక్షురాలిగా పెట్టించండి. మా బస్తీలో అలా వచ్చినావిడ నా మీదే రెండు సమాచార హక్కు దరఖాస్తులు పెట్టింది. వాటికి నేనే దగ్గరుండి జవాబులు ఇప్పించాను, అందులో బయటపడిన ఒక బిల్లు సంగతి తర్వాత మాకే పనికొచ్చింది.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది చెప్తాను. శివారు మున్సిపాలిటీలు కలిశాక వార్డుల హద్దులు మారాయి, మీ బస్తీలన్నీ ఒకే వార్డులో ఉన్నాయో రెండుగా చీలాయో మ్యాపు తెచ్చి గల్లీ గల్లీ చూసుకోండి. సగం సీట్లు మహిళలవి, రిజర్వేషన్ తేలాకే మీ పేరు అనుకోవాలి. మహిళా వార్డు అయితే భార్యని నిలబెట్టి వెనక నుంచి నడిపే పని దయచేసి చేయొద్దు. ఇన్నేళ్లుగా మీ కేసుల్లో ప్రతి వాయిదాకీ వచ్చి కోర్టు వరండాలో నిలబడిన ఆడవాళ్లు ఉంటారు కదా, వాళ్లలో ఒకరిని అడగండి. మీరు లాయరుగానే ఉండి ఆమెకి ఎజెండా చదివి పెట్టండి.

మీ వార్డులో బస్తీలు నోటిఫై అయినవా కావా, భూమి రెవెన్యూదా, వక్ఫ్‌దా, రైల్వేదా, నీటిపారుదల శాఖదా కింద రాయండి. భూమి ఎవరిదనే దాన్ని బట్టి కౌన్సిలర్‌గా మీరు చేయగలిగింది చాలా మారుతుంది, దానికి విడిగా జవాబు రాస్తాను.